బండి ఆగిన చోటే ఉండు

మంట దగ్గరికి జరుగు నాయనా. జూలైలో చలి కాచుకోవడం మీ అమ్మమ్మకి చివరిదాకా వింతే. అనంతపురంలో జూలై అంటే వాన కోసం మొగులు చూసే నెల, ఈ అడిలైడ్‌లో రెండు దుప్పట్లు కప్పుకునే నెల. ఎడారి మీదికి పోవాలంటే మాత్రం ఇదే కాలం. ఆ లెక్క చూసుకునే నువ్వు రోజులు పెట్టుకున్నావు, సంతోషం.

మీ అమ్మ అంతా చెప్పింది. ఆ పాత ఫాల్కన్ కారేసుకుని, ఒక్కడివే, మారీ నుంచి బర్డ్స్‌విల్, అక్కడినుంచి బౌలియా మీదుగా క్లోంకరీ దాకా పోతావంట. దారిపొడుగునా ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకి చందాలు పోగు చేస్తావంట. "నువ్వన్నా వద్దని చెప్పు నాయనా" అని పొద్దున్నించి నా వెంట పడింది. నేను వద్దని చెప్పను. పాత కారులో చందాలకి బయలుదేరడం ఈ దేశంలో ఇవాళ పుట్టిన పిచ్చి కాదు. 1985లో డిక్ స్మిత్ అని, ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులు పెట్టి గడించిన పెద్దమనిషి, స్నేహితుల్ని కూడగట్టి బర్క్ ఊరినుంచి బర్క్‌టౌన్ దాకా పాత కార్లలో పోయాడు. అదే తర్వాత వెరైటీ బాష్ అయింది. పందెం కాదు, ఎవరు ముందు చేరారన్న లెక్క లేదు. జబ్బులతో, లేమితో బాధపడే పిల్లలకి డబ్బు పోగవుతుంది, అంతే. కాకపోతే వాళ్ళు గుంపుగా పోతారు. ఒక బండి ఆగితే చుట్టూ పదిమంది దిగుతారు, మెకానిక్కులుంటారు, డాక్టర్లుంటారు. నువ్వు ఒక్కడివి. అందుకని పోయే ముందు నాలుగు పాత ముచ్చట్లు విను. వద్దనుకుంటే పొద్దున మర్చిపో.

మొదటిది డటన్, ఆంజర్‌ల కథ. 1907 నాటి మాట. హ్యారీ డటన్ ఎస్టేటు వారసుడు, డబ్బున్న మనిషి. మర్రే ఆంజర్ ఇంజనీరు, చేతిలో పనితనం ఉన్నవాడు. అడిలైడ్ నుంచి డార్విన్ దాకా ఖండాన్ని నిలువునా కారులో దాటాలని ఇద్దరూ ఒక టాల్బట్ కారు తీసుకుని నవంబరులో బయలుదేరారు. రోడ్డనేది యాడుంది అప్పుడు? టెలిగ్రాఫ్ తీగ పోయిన జాడ పట్టుకుని పోవడమే. ఇసుక దాటారు, ఏర్లు దాటారు. టెనంట్ క్రీక్ ఇంకా కొంత దూరం ఉందనగా పినియన్ విరిగింది. ఆంజర్ ఎంత పనిమంతుడైనా పళ్ళచక్రాన్ని అడవిలో కూర్చుని పోత పోయలేడు కదా. పైన ఉత్తరాది వానలు ముంచుకొస్తున్నాయి. ఆ వానల్లో చిక్కితే నెలల తరబడి కదలలేరు. కారుని అక్కడే వదిలి, గుర్రాల మీద రైలు కొస అయిన ఊడ్నడట్టాకి వెనక్కి వచ్చేశారు.

ఊరంతా నవ్వుకుని ఉంటుంది. వాళ్ళు మాత్రం మరుసటి ఏడు, 1908 జూన్ ఆఖరున, ఇంకా బలమైన టాల్బట్ ఒకటి తీసుకుని మళ్ళీ బయలుదేరారు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో టెలిగ్రాఫ్ కొలువులో ఉన్న ఎర్న్ ఆల్‌చర్చ్ కూడా ఎక్కాడు. పోయి పోయి, వదిలేసిన బండి దగ్గర ఆగారు. దాన్ని బాగుచేసి నడిపించారు. ఒక బండి పోయిన దారిన రెండు బండ్లు సాగాయి. ఆగస్టులో డార్విన్ చేరారు. ఆ రెండో టాల్బట్ ఇప్పటికీ మన పక్కనే, బర్డ్‌వుడ్ మోటారు మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని చూపించాను, నువ్వు ఐస్‌క్రీమ్ కోసం ఏడుస్తున్నావు.

వాళ్ళు గట్టివాళ్ళని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. మొదటిసారి నవంబరులో పోయారు, రెండోసారి జూన్‌లో. మొదటిసారి బండిని నమ్ముకున్నారు, రెండోసారి విరిగేదేదో తెలుసుకుని పోయారు. బండి చెడడం వాళ్ళకి పరువు సమస్య కాలేదు. ఏం విరిగింది, ఎందుకు విరిగింది, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఈ మూడే చూసుకున్నారు.

ఇక నువ్వు పోయే దారికి అసలు పెద్దమనిషి టామ్ క్రూజ్. నవ్వకు, సినిమా హీరో కాదు. 1936 నుంచి మారీకీ బర్డ్స్‌విల్‌కీ మధ్య టపా మోసిన లారీ మనిషి. 517 కిలోమీటర్లు. రెండు వారాలకోసారి. టపా అంటే ఉత్తరాలే అనుకోకు. పిండి, మందులు, పెట్రోలు పీపాలు, దారిలో చెయ్యెత్తిన మనుషులు, అన్నీ ఆ లేలాండ్ బ్యాడ్జర్ లారీ మీదే. ఆ దారి మామూలుది కాదు. ఒక పక్క సింప్సన్ ఎడారి, ఒక పక్క స్ట్రెలెకీ ఎడారి, నడుమ స్టర్ట్ రాళ్ళ ఎడారి. ఇసుక దిబ్బ అడ్డమొస్తే చక్రాల కింద ఇనుప రేకులు పరిచి, లారీని ఆ రేకుల పొడుగు నడిపి, వెనక రేకులు పీకి మళ్ళీ ముందు పరిచేవాడు. ఆ దిబ్బ అయ్యేదాకా అదే పని. ఎక్కడో వందల మైళ్ళ అవతల కురిసిన వానకి కూపర్ క్రీక్ పొంగి దారికి అడ్డం పారితే, సరుకంతా పడవలోకి ఎత్తి అవతలి ఒడ్డున దించేవాడు.

1954లో జాన్ హేయర్ ఆయన ప్రయాణం మీద 'ది బ్యాక్ ఆఫ్ బియాండ్' అని సినిమా తీశాడు. వెనిస్‌లో దానికి పెద్ద బహుమతి వచ్చింది. మరుసటి ఏడు రాణిగారి ప్రభుత్వం క్రూజ్‌కి ఎంబీఈ బిరుదిచ్చింది. 2011లో, 96 ఏళ్ళు బతికి పోయాడు. ఎడారిలో వదిలేసిన ఆ బ్యాడ్జర్‌ని కూడా చాలా ఏళ్ళ తర్వాత తెచ్చి, మనుషులు ముచ్చటపడి బాగుచేసి, బర్డ్‌వుడ్‌లోనే పెట్టారు.

ఆయన దగ్గర నేర్చుకోవలసింది రేకుల పని ఒక్కటే కాదు నాయనా. ఆ దారిలో ప్రతి స్టేషనులోనూ, అంటే పశువులు మేపే ఎస్టేటులోనూ, టపా ఎప్పుడు రావాలో తెలిసి ఉండేది. లారీ రాకపోతే ఎదురుచూసే కళ్ళుండేవి. లారీ నడిపేవాడు ఒక్కడే అయినా, దారి మొత్తానికి ఆయన ఎక్కడున్నాడో ఒక అంచనా ఉండేది. ఒక్కడే పోవడం వేరు, ఎవరికీ తెలియకుండా పోవడం వేరు. నువ్వు మొదటిదే చెయ్యి.

ఇప్పుడు దారి బండిని ఏం చేస్తుందో చెబుతాను, ఇది నా పని కాబట్టి. నా బతుకంతా మోటారు షెడ్డులోనే గడిచింది. ఆ మట్టి రోడ్డు చూడ్డానికి చదునుగా ఉంటుంది, దగ్గరికి పోతే అడ్డంగా గీతలు గీతలుగా గట్లు. బండ్ల చక్రాలు ఎగిరి ఎగిరి పడి చేసిన గట్లే అవి. వాటి మీద గంటల తరబడి పోతే బండిలో ప్రతి నట్టూ చాటలో పోసి చెరిగినట్టు అవుతుంది. షాక్ అబ్జార్బర్లు కాగిపోయి నూనె కక్కుతాయి. బ్యాటరీని పట్టుకున్న పట్టీ తెగుతుంది. ఎక్కడో ఒక తీగ రేకుకి రాసుకుని రాసుకుని ఒళ్ళు ఊడుతుంది. అందుకని సాయంత్రం బండి ఆపగానే టీ పెట్టుకునే ముందు స్పానరు పట్టుకుని కింద దూరు. ఏది వదులైందో బిగించు. మా షెడ్డులో ఎడారినుంచి వచ్చిన బండ్లు చూస్తే, ఒక్కసారిగా చెడినవి తక్కువ. నాలుగు రోజుల ముందే మొదలైన చిన్న చప్పుడుని పట్టించుకోనివే ఎక్కువ.

దుమ్ము సంగతి వేరే. గుంటల్లో పిండిలాంటి దుమ్ము నిండి రోడ్డు సమంగా కనిపిస్తుంది, చక్రం దిగితే గానీ లోతు తెలియదు. ఎయిర్ ఫిల్టరు రోజూ విప్పి దులుపు. స్టర్ట్ రాళ్ళు టైర్లని కోస్తాయి, ఒక స్టెపినీ చాలదు, రెండు పెట్టుకో. ఇసుకలో దిగబడితే యాక్సిలరేటరు తొక్కి ఇంకా లోతుకి పోకు, టైర్లలో గాలి తగ్గించు, పార తీసుకుని చక్రాల ముందు ఇసుక ఎత్తు. గట్టి నేల రాగానే మళ్ళీ గాలి కొట్టుకో, లేకపోతే టైరు కాగి చిరుగుతుంది.

పాతకాలం చిట్కాలు కూడా విను, నవ్వొస్తే నవ్వు. ఫ్యాను బెల్టు తెగితే ఆడవాళ్ళ నైలాను మేజోళ్ళు మెలిపెట్టి కట్టి ఊరు చేరినవాళ్ళున్నారు. పెట్రోలు ట్యాంకుకి రాయి తగిలి కారుతుంటే బట్టల సబ్బు పిసికి అద్దేవాళ్ళు. రేడియేటరు సన్నగా కారితే కోడిగుడ్డు తెల్లసొన పోసేవాళ్ళు, అది వేడికి ఉడికి చిల్లు దగ్గర గట్టిపడేది. స్టెపినీలు అయిపోతే టైరు లోపల ఎండుగడ్డి కుక్కి నెమ్మదిగా నడిపేవాళ్ళు. నీకు ఇవన్నీ అవసరం రాకూడదు. బెల్టు, హోసులు, ఫ్యూజులు, ఫిల్టర్లు, సైలెన్సరు కట్టే తీగ, ఇవి పెట్టుకుని పో. చిట్కాల్లో ఉన్న తెలివి ఒక్కటే: అవి చేసినవాళ్ళు ముందు నీడన కూర్చుని, చేతిలో ఏముందో చూసుకుని, తర్వాత చెయ్యి పెట్టారు.

నా సొంత ముచ్చట ఒకటి. పాత ఘాన్ రైలు ఆగిపోయిన కొత్తల్లో, ఆ పట్టాల పక్కన పోయే ఊడ్నడట్టా దారిలో పోతున్నాను. మధ్యాహ్నం ఎండ. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగింది. పెట్రోలు పైపులోనే కాగి ఆవిరి పట్టింది, పంపు లాగలేకపోతోంది. తెలిసిన జబ్బే. పంపు మీద తడిగుడ్డ వేసి బానెట్ ఎత్తి నీడన కూర్చున్నాను. కాసేపటికి ఒక స్టేషను ట్రక్కు వచ్చింది. నేను చెయ్యెత్తలేదు. ఆయనే ఆపి, ఏమైందని అడక్కుండా ముందు నీళ్ళున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. అయినా పోలేదు. నాలుగు పుల్లలు ఏరి డబ్బాలో టీ కాచాడు. బండి మొదలయ్యేదాకా కూర్చుని, వాళ్ళ ఆవుల గురించి, మన వేరుశెనగ గురించి మాట్లాడుకున్నాం. అనంతపురంలో వాన ఎంత పడుతుందో చెబితే, అంత పడితే మేము రాజులం అన్నాడు. పోయేటప్పుడు నేను డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు ఊరి పబ్బులో ఫ్లయింగ్ డాక్టర్ డబ్బా ఉంటుంది, అందులో వెయ్యి అన్నాడు. వేశాను. నువ్వు ఇవాళ చందాలకి పోతున్న దారిలో నా నాణేలు కూడా కొన్ని ఉన్నాయి.

ఇక ఎవరూ సంతోషంగా చెప్పుకోని కథ. చెప్పకపోతే నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1963 డిసెంబరు, నడి వేసవి. ఇంగ్లండు నుంచి వలస వచ్చి మారీలో ఉంటున్న కుటుంబం, అమ్మా నాన్నా ముగ్గురు కొడుకులు, బర్డ్స్‌విల్ దారి పట్టుకుని క్వీన్స్‌లాండ్ వైపు బయలుదేరారు. దారి తప్పారు. పెట్రోలు అయిపోయింది. కారులో చీటీ రాసిపెట్టి నడక మొదలుపెట్టారు. వెతకడానికి పోయినవాళ్ళకి ముందు కారే దొరికింది. ఐదుగురిలో ఒక్కరూ దక్కలేదు. ఆ దారి పక్కనే వాళ్ళ సమాధి ఉంది. పోయేటప్పుడు ఆగి దణ్ణం పెట్టుకో.

మనిషికి కాళ్ళున్నాయి కాబట్టి కూర్చోలేడు నాయనా. ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది, ఆ దిబ్బ అవతల ఊరుంటుందనిపిస్తుంది. విమానంలోనుంచి చూసేవాడికి కారు పైకప్పు మైళ్ళ దూరంనుంచి మెరుస్తుంది, నడిచే మనిషి చుక్కంత కూడా కనపడడు. కారు నీడనిస్తుంది, కారులో నీళ్ళుంటాయి, అద్దం ఉంటుంది, కాల్చితే నల్లపొగ వచ్చే టైరు ఉంటుంది. డటన్, ఆంజర్ బండిని వదిలారు కదా అంటావేమో. వాళ్ళు గుర్రాలు చేతికొచ్చాక, పక్కన టెలిగ్రాఫ్ తీగ పెట్టుకుని వదిలారు. నీకు గుర్రం దొరికేదాకా బండి ఆగిన చోటే ఉండు.

ఆ ఎడారిలో నీళ్ళ జాడ తెలిసినవాళ్ళు లేకపోలేదు. వంగ్కంగుర్రు జనం సింప్సన్ ఇసుకలో బావులు తవ్వుకుని తరతరాలు బతికారు. మారీలో ఒంటెలు తోలినవాళ్ళని ఆఫ్ఘన్లు అంటారు గానీ, వాళ్ళలో బలూచిస్తాన్, సింధు, పంజాబు మనుషులూ ఉన్నారు. వాళ్ళ పేరే ఘాన్ రైలుకి వచ్చింది. ఆ ఊళ్ళో వాళ్ళు కట్టుకున్న మట్టి మసీదు గుర్తు ఇంకా ఉంది. వాళ్ళందరికీ ఆ నేల తెలుసు. నీకూ నాకూ తెలియదు. తెలియనివాడికి కూర్చోవడమే తెలివి.

నువ్వు ఎవరి కోసం చందా ఎత్తుతున్నావో దాని పుట్టుక కూడా తెలుసుకుని పో. ఎవరైనా అడిగితే చెప్పగలగాలి. 1917లో, పశ్చిమాన హాల్స్ క్రీక్ దగ్గర జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీదనుంచి పడ్డాడు. లోపల దెబ్బ. స్నేహితులు పన్నెండు గంటలు మోసుకొచ్చి ఊళ్ళో దించారు. డాక్టరు లేడు. పోస్టుమాస్టరు టకెట్‌కి ప్రథమ చికిత్స తెలుసు, అంతే. పెర్త్‌లో డాక్టరు హాలండ్ తంతి మీద మోర్స్‌లో చెబుతుంటే, ఇక్కడ టకెట్ మత్తుమందు లేకుండా చాకుతో ఆపరేషను చేశాడు. తర్వాత ఆ డాక్టరు తానే బయలుదేరాడు. పశువుల ఓడ ఎక్కాడు, ఫోర్డు మోడల్ టీ కారెక్కాడు, గుర్రబ్బండి ఎక్కాడు, చివరికి కొంత దూరం నడిచాడు. పది రోజులు పట్టింది. వచ్చేసరికి డార్సీ ముందురోజే చనిపోయాడు. చంపింది ఆ దెబ్బ కాదు, ఎవరూ కనిపెట్టని మలేరియా, పగిలిన చీముగడ్డ.

మన సీమ పల్లెల్లో 108 బండి వచ్చింది 2005 తర్వాత. అంతకుముందు పురిటి నొప్పులొచ్చిన మనిషిని ఎద్దుల బండిలో పడుకోబెట్టి తీసుకుపోవడం నేను చూశాను. అందుకే ఈ డార్సీ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు పరాయి దేశం కథ అనిపించలేదు.

జాన్ ఫ్లిన్ అనే పాదిరీ అప్పటికే ఎడారి జనానికి చిన్న చిన్న ఆసుపత్రులు పెడుతున్నాడు. విమానాల్లో డాక్టర్లని పంపొచ్చని క్లిఫర్డ్ పీల్ అనే కుర్రవాడు ఆయనకి ఉత్తరం రాశాడు. వైద్యం చదువుతూ యుద్ధానికి పోయిన పిల్లవాడు. 1918లో ఫ్రాన్సులో చనిపోయాడు, తన ఆలోచన ఎగరడం చూడలేదు. ఫ్లిన్ పదేళ్ళు ఊరూరా తిరిగి ఆ మాటే చెప్పాడు, డబ్బు అడిగాడు. కోతయంత్రాలు చేసి గడించిన మెకే అనే ఆయన వీలునామాలో రెండు వేల పౌండ్లు రాసిపెట్టి పోయాడు. 1928 మేలో క్లోంకరీ నుంచి మొదటి డాక్టరు విమానం లేచింది, క్వాంటాస్ దగ్గర అద్దెకి తీసుకున్న బండి. మరుసటి ఏడు నుంచి అడిలైడ్‌వాడే ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ కాలితో తొక్కితే కరెంటు పుట్టే రేడియోలు చేసి స్టేషన్లకి ఇచ్చాడు. అప్పటినుంచి ఇంటి ఇల్లాలు తొక్కుతూ డాక్టరుని పిలవగలిగింది. ఇరవై డాలర్ల నోటు తీసి చూడు, ఫ్లిన్ బొమ్మ ఉంటుంది.

చూశావా, ఒక డాక్టరు సమయానికి రాలేకపోయిన బాధలోంచి ఇది బలం పుంజుకుంది. చందాతోనే రెక్కలొచ్చాయి. ఇప్పుడు నువ్వు అదే ఎడారిలోకి, అదే సర్వీసు కోసం పోతున్నావు. అక్కడ నీకే ఏమైనా అయితే వచ్చేది కూడా వాళ్ళే. సాయం చెయ్యడానికి వచ్చిన కుర్రవాణ్ణి మొయ్యడానికి విమానం లేచిందంటే నువ్వు పోగుచేసిన డబ్బు ఏమూలకి? నీ జాగ్రత్తే నువ్విచ్చే మొదటి చందా.

కాబట్టి మనిషికి రోజుకి పది లీటర్ల లెక్కన, నువ్వనుకున్న రోజులకి రెట్టింపు నీళ్ళు పెట్టుకో, ఒకే పీపాలో కాదు, నాలుగింటిలో. రేడియేటరు నీళ్ళు తాగకు, అందులో మందు కలిపి ఉంటుంది, విషం. మారీ దాటితే ముంగరానీ దాకా పెట్రోలు దొరకదు. ఫోను పనిచెయ్యదు, శాటిలైట్ ఫోను అద్దెకి తీసుకో. ఆ చిన్న బీకన్ పెట్టె నడుముకి కట్టుకో, కారులో పెట్టకు. దాని మీట నొక్కితే శాటిలైటు ద్వారా కాన్‌బెర్రాలో వెతికేవాళ్ళకి కబురు పోతుంది. టైరు కాల్చాల్సి వస్తే ముందు గాలి తీసెయ్యి, లేకపోతే పేలుతుంది. చీకటి పడితే నడపకు, కంగారూలూ ఆవులూ దారికి అడ్డమొస్తాయి. ఏ రోజు ఎక్కడినుంచి ఫోను చేస్తావో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వు. ఫోను రాకపోతే ఎంతసేపు చూసి ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయి. ఊరు చేరినప్పుడల్లా చేరానని చెప్పు. చెప్పడం మరిచి నువ్వు హోటల్లో నిద్రపోతుంటే ఇక్కడ పోలీసులు నీ కోసం బయలుదేరతారు.

ఇంకొక్క మాట. ఎవరైనా ఆగి సాయం చేస్తామంటే, నాకు వచ్చు, నేను చూసుకుంటాను అనకు. నువ్వు పోతున్నదే పదిమంది దగ్గర పుచ్చుకోవడానికి. ఒక స్పానరు, ఒక గ్లాసు టీ పుచ్చుకోలేనివాడు చందా ఎట్లా అడుగుతాడు? అట్లాగే దారి పక్కన బానెట్ ఎత్తిన బండి కనిపిస్తే ఆగు. ముందు నీళ్ళున్నాయా అని అడుగు, తర్వాత ఇంజను సంగతి. వాళ్ళ బండి కదిలాకే నువ్వు కదులు. నువ్వు క్లోంకరీకి ఒక రోజు ఆలస్యంగా చేరితే ఎవరికీ ఏ నష్టమూ లేదు.